నాగావళి చేపల్లో రసాయనాలను ఎలా కనిపెట్టాలి?

శ్రీకాకుళం దగ్గర నాగావళి నీటిని పరీక్షిస్తే చాలదా, చేపలను కూడా ఎందుకు పరీక్షించాలి అని అడిగారు. నీటి నమూనా ఆ పూట స్థితినే చెబుతుంది. పాదరసం మాత్రం నీటిలో లేశమాత్రంగా ఉన్నా, చిన్న చేపలను తిని బతికే వాలుగ కండలో ఏళ్ల తరబడి పేరుకుంటుంది, వండినా పోదు. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన పాదరసం విషప్రభావపు ఘోరం చేపల ద్వారానే ఇళ్లలోకి చేరింది. అందుకే ఒకే జాతి, దాదాపు ఒకే పొడవున్న చేపలను వ్యర్థజలాలు కలిసే చోటుకు ఎగువన, దిగువన, వేసవిలోనూ వరదల తరువాతా పట్టి పోల్చాలి. చిన్నాపెద్దా కలిపేస్తే ఆ ఫలితానికి విలువ ఉండదు. కాడ్మియం అనే విషలోహం ఎక్కువగా కాలేయం, మూత్రపిండాల్లో చేరుతుంది కనుక కండ ఒక్కటే చూస్తే సరిపోదు. మందుల పరిశ్రమల్లో వాడే సాల్వెంట్లు (ఇతర పదార్థాలను కరిగించే ద్రవాలు) చాలావరకు చేపలో నిలవవు. వాటి కోసం నీటినే తరచూ పరీక్షించక తప్పదు.