పంచాయతీ తీర్మానం చేస్తే పుస్తకం నిషేధమైపోతుందా?

ప్రశ్న: మాది రాజోలు వైపు గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. మా ఊరి రిటైర్డ్ హెడ్మాస్టారు ఊరి చరిత్ర రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. గోదావరి మధ్య దీవుల్లా ఉండే లంక భూములు ఒకప్పుడు ఎవరి సాగులో ఉండేవి, తర్వాత ఎవరి చేతుల్లోకి ఎలా వెళ్లాయి అని అందులో ఒక అధ్యాయం ఉంది. రెండు కుటుంబాల తాతల పేర్లు కూడా రాశారు. మా కులాన్ని దొంగల్ని చేశారంటూ కొందరు గొడవకు వచ్చారు. పుస్తకాన్ని ఊళ్లో నిషేధిస్తున్నామని పంచాయతీ తీర్మానం చేసింది. మా యువజన సంఘం లైబ్రరీలో ఉన్న కాపీలను స్టేషన్‌లో ఇచ్చేయమని ఎస్సై గారు ఫోన్ చేశారు. ఇవ్వకపోతే మా మీద కేసు పెడతారా? అసలు పుస్తకాన్ని నిషేధించడం ఎప్పుడైనా న్యాయమేనా?

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీ పంచాయతీ చేసిన తీర్మానానికి చట్టం దృష్టిలో విలువ లేదు. వీధి దీపాలు, మంచినీళ్లు, డ్రెయిన్ల గురించి పంచాయతీ తీర్మానాలు చేసుకోవచ్చు. ఊళ్లో వాళ్లు ఏ పుస్తకం చదవాలో చెప్పే అధికారం దానికి ఎవరూ ఇవ్వలేదు. ఎస్సై గారికీ లేదు, కుల సంఘానికి అసలే లేదు.

పుస్తకాన్ని జప్తు చేస్తున్నట్టు ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 95వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 98వ సెక్షన్. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం, కావాలని మత భావాలను అవమానించడం, అశ్లీలత వంటి కొన్ని నేరాల కిందికి పుస్తకంలోని రాత వస్తుందని ప్రభుత్వం భావించాలి. ఎందుకలా భావించిందో కారణాలు చెబుతూ గెజిట్‌లో నోటిఫికేషన్ ఇవ్వాలి. కారణాలు చెప్పడం మాటవరసకు పెట్టిన షరతు కాదు. పెరియార్ రామాయణ విమర్శకు హిందీ అనువాదాన్ని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జప్తు చేస్తే, ఉత్తర్వులో కారణాలు లేవన్న దోషం మీదే ఆ జప్తు హైకోర్టులో నిలవలేదు. 1976లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. గెజిట్‌లో వచ్చాక కూడా, ఆ పుస్తకంతో సంబంధం ఉన్నవారు రెండు నెలల్లోపు హైకోర్టుకు వెళ్లవచ్చు. ముగ్గురు న్యాయమూర్తుల ప్రత్యేక బెంచి వింటుంది. మీరు రాసినదాన్ని బట్టి మీ పుస్తకం మీద అలాంటి నోటిఫికేషన్ ఏదీ లేదు. కాబట్టి ఫోన్ చేసినంత మాత్రాన కాపీలు అప్పగించనక్కర్లేదు.

ఒకవేళ నిజంగానే ఎఫ్ఐఆర్ అయి ఉంటే లెక్క వేరు. అప్పుడు సాక్ష్యంగా ఒక కాపీని పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు. ఆ పని పంచనామా రాసి, వీడియో తీసి చేయాలి. మీరు అడ్డుపడవద్దు, పంచనామా నకలు మాత్రం అడిగి తీసుకోండి. పుస్తకం లైబ్రరీలో పెట్టుకున్నందుకే మిమ్మల్ని ముద్దాయిలను చేయడం తేలిక కాదు. సాధారణంగా ఇలాంటి గొడవల్లో పెట్టే, భారతీయ న్యాయ సంహితలోని 196, 299 సెక్షన్లకు ద్వేషం రేపాలన్న ఉద్దేశం ముఖ్యం. ప్రభుత్వం ముందుగా అనుమతి ఇస్తే తప్ప కోర్టు ఆ కేసును విచారణకు తీసుకోదు. 2025 మార్చిలో ఒక కవిత మీద గుజరాత్‌లో పెట్టిన ఎఫ్ఐఆర్‌ను కొట్టేస్తూ సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల లోపు శిక్ష పడే ఇలాంటి మాటల, రాతల ఫిర్యాదుల్లో, ఎఫ్ఐఆర్ కట్టే ముందు ప్రాథమిక విచారణ జరపడం మంచిదని. ఈ సంగతి ఎస్సై గారికి మర్యాదగానే గుర్తు చేయవచ్చు.

హెడ్మాస్టారి సంగతి వేరుగా చూడాలి. ఆయనకు కులం పేరుతో వచ్చే గొడవకన్నా ఆ రెండు కుటుంబాల నుంచి పరువునష్టం కేసు వచ్చే అవకాశమే ఎక్కువ. చనిపోయినవారి గురించి రాసినా, అది వారి కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో రాసినదైతే పరువునష్టం కిందికి రావచ్చు. రాసినది నిజమై, ప్రజల మేలు కోసం రాసినదైతే రక్షణ ఉంది. కాబట్టి పాత అడంగళ్లు (ఏ పొలం ఎవరి సాగులో ఉందో చెప్పే ఊరి లెక్కలు), ఆర్ఎస్ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) నకళ్లు, కౌలు కాగితాలు, ఏవి చూసి ఆ అధ్యాయం రాశారో అవన్నీ ఒకచోట పెట్టుకోమనండి. ఎవరో చెప్పగా విని రాసిన భాగం ఉంటే, అది విన్న మాటేనని తర్వాతి ముద్రణలో స్పష్టంగా రాయమనండి. ఆ కుటుంబాల వాళ్లు తమ వైపు కథ రాసిస్తే అది కూడా అచ్చు వేయవచ్చు. లంకల్లో ఇసుక మేట ఒక ఏడు ఇటు, మరో ఏడు అటు వేస్తుంది. అక్కడి హక్కుల కథకు ఒకే వైపు ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఇక మీ చివరి ప్రశ్న. ఎప్పుడైనా న్యాయమేనా అంటే, అవును, కొన్ని చోట్ల. పసిపిల్లల మీద లైంగిక దృశ్యాలున్న దాన్ని ఏ పేరుతో అచ్చు వేసినా ఆపాల్సిందే. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టే పుస్తకాన్ని ఆపాల్సిందే. ఫలానా వాళ్ల ఇళ్లు ఫలానా వీధిలో ఉన్నాయి, వెళ్లి తగలబెట్టండి అని రాస్తే దాన్ని పుస్తకమనే గౌరవంతో చూడనక్కర్లేదు. కానీ నిషేధించమని వచ్చే అర్జీల్లో ఇలాంటివి నాకు దాదాపు కనిపించవు. ‘మా మనోభావాలు దెబ్బతిన్నాయి’ అనేదే ఎక్కువ.

మన తెలుగులోనే చూడండి. తంజావూరు ఆస్థానానికి చెందిన ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో రాసిన ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా, 1910లో వావిళ్ల వారు ప్రచురించారు. అశ్లీలమని మరుసటి ఏడాదే బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని పట్టుకుంది. ఆ కావ్యం స్త్రీలు వినదగినది కాదని అంతకుముందే రాసినవారు మన రాజమహేంద్రవరం వీరేశలింగం పంతులు గారు. వితంతు వివాహాల కోసం అన్ని తిట్లు తిన్న మనిషే! 1947లో నిషేధం తొలగడానికి చొరవ చూపిన టంగుటూరి ప్రకాశం పంతులు గారు కూడా రాజమహేంద్రవరంలో ప్లీడరీ చేసి, మున్సిపల్ చైర్మన్‌గా పనిచేసినవారే. పెద్దలు, సంస్కర్తలు తప్పు పట్టారు కదా అని ఒక ఆడమనిషి కావ్యాన్ని అన్నేళ్లు మూలన పెట్టడం వల్ల ఎవరికి ఏ మేలు జరిగిందో నాకైతే తెలియదు.

కోర్టులు ఎప్పుడూ రచయిత పక్షానే ఉన్నాయని మాత్రం అనుకోకండి. కన్నడ నవల ‘ధర్మకారణ’ మీద కర్ణాటక ప్రభుత్వం పెట్టిన నిషేధాన్ని 2007లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆ తీర్పు నాకు మింగుడుపడదు. అయినా చట్టం అదీ. ఇంకోవైపు, శివాజీ మీద జేమ్స్ లేన్ రాసిన పుస్తకంపై మహారాష్ట్ర పెట్టిన నిషేధం 2010లో సుప్రీంకోర్టు దగ్గర నిలవలేదు. 2017లో కంచ ఐలయ్య గారి పుస్తకాన్ని నిషేధించాలన్న పిటిషన్‌ను కూడా కోర్టు ఒప్పుకోలేదు. అది నేరుగా ఒక కులం గురించిన పుస్తకమే కనుక మీ గొడవకు బాగా దగ్గర.

‘గొడవలవుతాయి కదండీ’ అని ఎస్సై గారు అనవచ్చు. ఆ భయం ఉత్తిది కాదు, 2022 మేలో జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో జరిగిన అల్లర్లు మనందరం చూశాం. కానీ జనం మీదికి వస్తారని భయముంటే కాపలా పెట్టాల్సింది లైబ్రరీకి. బెదిరించినవారిని బైండోవర్ చేసే, అంటే గొడవ చేయబోమని పూచీకత్తు రాయించుకునే, అధికారం కూడా వ్యవస్థకు ఉంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది: సంఘం లెటర్‌హెడ్ మీద ఎస్సై గారికి ఒక ఉత్తరం రాయండి. ఫలానా తేదీన ఫోన్ చేశారు, ఏ ఉత్తర్వు ప్రకారం కాపీలు అడుగుతున్నారో రాతపూర్వకంగా తెలపగలరు, అని రెండు వాక్యాలు చాలు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, ఒక నకలు ఎస్పీ ఆఫీసుకూ పంపండి. పంచాయతీ తీర్మానం సర్టిఫైడ్ కాపీ కోసం కార్యదర్శికి దరఖాస్తు పెట్టండి. అది చేతికి వచ్చాక రద్దు చేయమని జిల్లా అధికారులకు అర్జీ ఇవ్వవచ్చు, అక్కడ కదలకపోతే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఈలోగా పుస్తకాలను లైబ్రరీ రిజిస్టర్‌లో నంబర్లతో ఎక్కించి ఉంచండి. ఎవరైనా తీసుకెళ్తే సంతకం పెట్టించుకోండి.