పదకొండేళ్లు నిద్రపోయిన ఎంజీబీ: కార్బురేటర్ నట్లు ముందే ఎందుకు తిప్పకూడదు

ప్రశ్న: నమస్తే అండీ. మా బాబాయి 1967 ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇప్పుడు నా చేతికొచ్చింది, పదకొండేళ్లుగా షెడ్డులోంచి కదల్లేదు. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ చూసుకుని, ఇంజిన్ ఆయిల్ మార్చి, ట్యాంకులో ఉన్న పాత పెట్రోల్ మీదే కొత్తది పోసి సెల్ఫ్ కొడితే ఆశ్చర్యంగా స్టార్ట్ అయింది, కానీ చోక్ లాగి ఉంచినంతసేపే, లోపలికి నెడితే ఆగిపోయేది. కార్బురేటర్ల (ఇంజిన్‌కి పెట్రోల్, గాలి కలిపి పంపేవి) అడుగున ఉన్న నట్లు తిప్పితే మిక్చర్, అంటే ఆ రెండూ కలిసే పాళ్లు, మారుతుందని చదివి రెండూ తిప్పాను, ఎంత తిప్పానో లెక్క పెట్టుకోలేదు. ఇప్పుడు చోక్ లేకుండా నడుస్తోంది గానీ నల్లపొగ, పైగా కుంటుతోంది, వెనక కార్బ్ దగ్గర పెట్రోల్ చుక్కలు పడుతున్నాయి. రెండూ తీసేసి కొత్తవి పెట్టమంటున్నాడు ఫ్రెండ్. పెట్టేయనా?

జవాబు: వద్దండీ, ఇప్పుడే కొనకండి. ముందు ఆ చుక్కల సంగతి: ఎంజీబీలో కార్బురేటర్లు, ఎగ్జాస్ట్ రెండూ ఇంజిన్‌కి ఒకే పక్కన ఉంటాయి, కార్బ్ కిందే ఎగ్జాస్ట్ కాలుతూ ఉంటుంది. అందుకే ఆ లీకు ఆగేదాకా బండి స్టార్ట్ చేయొద్దు, పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయండి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి.

ఇక అసలు విషయం. బాబాయి గారు బండి ఆపిన రోజు అది బాగానే నడిచిందనుకుందాం, షెడ్డులో నిలబడ్డ పదకొండేళ్లలో ఆ మిక్చర్ నట్లు వాటంతట అవి తిరగలేదు కదా! మారింది పెట్రోలు, రబ్బరు, తుప్పు. మీరేమో మారనిదాన్ని మార్చారు, మారినవాటిని అలాగే వదిలేశారు. తిట్టడం లేదు, మేమందరం మొదట్లో చేసే పనే ఇది, స్క్రూడ్రైవర్‌కి, స్పానర్‌కి అందేది అదే కాబట్టి చెయ్యి అక్కడికే పోతుంది.

చోక్ మీదే నడిచిందంటే పెట్రోల్ తక్కువ అందుతోందని లెక్క. ఎస్‌యూ కార్బురేటర్‌లో చోక్ అంటే గాలి మూసే రేకు కాదు, పెట్రోల్ వచ్చే సన్న గొట్టమైన జెట్‌నే కిందికి లాగుతుంది, అందులోకి దిగి ఉండే నీడిల్ (సూది) చుట్టూ సందు పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. మీరు నట్లు కిందికి తిప్పినప్పుడు జరిగింది కూడా అచ్చంగా అదే, అంటే చోక్‌ని శాశ్వతంగా లాగి పెట్టారన్నమాట. ఇప్పుడు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి వరసలో పెట్టి చూడండి. ఈ ఇంజిన్‌లో ముందు కార్బ్ ప్రధానంగా 1, 2 సిలిండర్లకి, వెనకది 3, 4కి ఇస్తుంది. 1, 2 తెల్లగా, 3, 4 మసిబట్టి ఉంటే (నాకైతే అదే అనుమానం) ముందుదాంట్లో ఏదో అడ్డుపడింది, వెనకదాంట్లో ఫ్లోట్ నీడిల్ (గిన్నెలో పెట్రోల్ నిండి ఫ్లోట్ తేలగానే దారి మూసే సూది) మూసుకోక పొంగిపోతోంది. రెండు కార్బ్‌లకి రెండు వేరే జబ్బులు, మీరేమో రెండింటికీ ఒకే మందు వేశారు.

పని ట్యాంకు నుంచి మొదలుపెట్టండి. పాత పెట్రోల్ మీద కొత్తది పోయడం వల్ల లాభం లేదు, మొత్తం ఒక శుభ్రమైన డబ్బాలోకి దించేయండి, వాసన చూస్తే పాత పెయింటు వాసన కొడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే ఇంకో గొడవ, అది నీటిని పట్టుకుంటుంది, నీళ్లు బాగా ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి విడిపోయి అడుగుకి దిగుతుంది, పంపు పీల్చేది అడుగునుంచే కాబట్టి మొదట ఇంజిన్‌కి వచ్చేది అదే. దించిన పెట్రోల్ గాజు సీసాలో పోసి ఓ గంట కదపకుండా ఉంచితే అడుగున పొర, ఎర్ర తుప్పు పొడి కంటికే కనిపిస్తాయి. తుప్పు బాగా ఉంటే ట్యాంకు విప్పి కడిగించాల్సిందే, మధ్యలో ఫిల్టర్ పెట్టేసి సరిపెట్టుకుందామంటే అది రెండు రోజుల్లో నిండిపోతుంది.

రబ్బరు గొట్టాలు బయటికి నల్లగా నిగనిగలాడుతున్నా నమ్మొద్దు. నేనొకసారి బాగుందనుకున్న గొట్టాన్ని బ్లేడుతో నిలువుగా కోసి చూశాను, లోపలి పొర పెంకులు పెంకులుగా లేచి వేలితో రుద్దితే నల్ల పొడి రాలింది, ఆ పొడి పోయేది జెట్‌లోకే. అన్నీ మార్చేయండి, ఇథనాల్‌కి తట్టుకునే రకం, గొట్టం మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉంటుంది. అలాగే ఫ్లోట్ గిన్నె నుంచి జెట్ అడుక్కి వెళ్లే సన్నటి నైలాన్ పైపు, దాని చివరున్న చిన్న రబ్బరు కూడా. చుక్కలు అక్కణ్ణుంచి కూడా పడొచ్చు, ఎక్కడ తడిసిందో వేలు పెట్టి చూడండి.

పెట్రోల్ పంపు కారు వెనక భాగంలో, కుడి చక్రం దగ్గర ఉంటుంది. తాళం తిప్పగానే టకటకమని కొట్టుకుని, గిన్నెలు నిండాక ఆగిపోవాలి. అసలు కొట్టుకోకపోతే లోపలి పాయింట్లు (కరెంటు కలిపి విడదీసేవి) అంటుకుపోయి ఉంటాయి, స్పానర్ పిడితో మెల్లగా తడితే లేస్తుంది, కానీ తట్టి లేపిన పంపుని నమ్ముకుని దూరం వెళ్లకండి, పాయింట్లు శుభ్రం చేయించండి. ఆగకుండా కొట్టుకుంటుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా పెట్రోల్ ఎక్కడికో పారిపోతోంది. కార్బ్ దగ్గర గొట్టం విప్పి సీసాలో పెడితే నిమిషానికి కనీసం అర లీటరు రావాలి. ఇంకా పవర్‌ఫుల్ పంపు వేద్దామని మాత్రం అనుకోవద్దు, ఈ కార్బ్‌లకి 3 పీఎస్‌ఐ ఒత్తిడి చుట్టుపక్కల చాలు, అంతకు బాగా మించితే ఫ్లోట్ నీడిల్ ఆపలేదు.

ఇప్పుడు కార్బురేటర్లు. ఫ్లోట్ గిన్నె మూత తీస్తే అడుగున ఎండిన జిగురులాంటి గోధుమరంగు పొర కనిపిస్తుంది, గిన్నెలోని పెట్రోల్ ఆవిరైపోగా మిగిలింది అదే, ఫ్లోట్ నీడిల్‌ని పట్టేసింది, జెట్ పైపుని మూసేసింది కూడా అదే. కార్బ్ క్లీనర్‌తో కడిగి గాలి ఊదండి, ఫ్లోట్ నీడిల్, దాని సీటు జతగా కొత్తవి వేయండి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ గలగలమంటే అది పోయినట్టే. ఒక్క మాట, రెండు కార్బ్‌లూ ఒకేసారి విప్పొద్దు! కార్బ్‌లో పైకీ కిందికీ కదిలే పిస్టన్, దాని పై మూత ఒకదానికొకటి జతగా తయారైనవి, నేను మొదటిసారి నాలుగు ముక్కలూ ఒకే ట్రేలో పడేసి తర్వాత ఏది ఎవరిదో తెలీక ఓ పూట కూర్చున్నాను. బిగించాక పిస్టన్‌ని వేలితో లేపి వదిలితే టక్‌మని అడుగుకి తగలాలి, తగలకపోతే ఎక్కడో పట్టేస్తోంది.

వాల్వ్ గ్యాప్, ఇగ్నిషన్ పాయింట్లు, టైమింగ్ చూసుకున్నాకే నట్ల దగ్గరికి రండి. మీ పాత లెక్క పోయింది కాబట్టి మొదట్నుంచి: పిస్టన్ తీసేసి జెట్‌ని పైకి, బ్రిడ్జికి (కార్బ్ లోపల జెట్ చుట్టూ ఉన్న గట్టుకి) సమానంగా వచ్చేదాకా తేవాలి, అక్కణ్ణుంచి నట్టు రెండు చుట్లు కిందికి, ఆరు పక్కల నట్టు కాబట్టి 12 పక్కలు. రెండిటికీ అంతే. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక రెండు కార్బ్‌లని కలిపే రాడ్ క్లాంపులు వదులు చేసి, సన్న రబ్బరు గొట్టం ఒక చివర చెవిలో, ఇంకో చివర కార్బ్ నోట్లో ఒకే చోట పెట్టి వినండి, రెండు చోట్లా ఆ స్స్ శబ్దం ఒకేలా వచ్చేదాకా ఐడిల్ స్క్రూలు తిప్పి క్లాంపులు బిగించండి. మిక్చర్‌కి పిస్టన్ లేపే పిన్ ఉంటుంది, అది ముందు కాస్త ఖాళీగా కదులుతుంది, పిస్టన్ తగిలిన తర్వాత ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే లేపాలి. ఆర్‌పీఎం పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, నట్టు పైకి. వెంటనే ఆగిపోబోతే తక్కువ, నట్టు కిందికి. కొంచెం పెరిగి మళ్లీ మామూలైతే వదిలేయండి, ఇంక ముట్టుకోవద్దు. ఒక్కోసారి ఒక్క పక్క మాత్రమే తిప్పండి, ఈసారి కాగితం మీద రాసుకుంటూ.

ఇంత చేసినా ఐడిల్ నిలకడగా లేకపోతే థ్రాటిల్ షాఫ్ట్ (యాక్సిలరేటర్ నొక్కితే కార్బ్‌లో తిరిగే కడ్డీ) పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, కదిలితే అక్కణ్ణుంచి గాలి లోపలికి పోతోంది, దానికి ఏ నట్టూ పనిచేయదు. కార్బ్ మార్చాలా, బాడీకి కొత్త బుష్‌లు వేయించాలా అన్న ప్రశ్న అప్పుడు వస్తుంది.

ప్రశ్న: ఇదే సందర్భంలో అడుగుతున్నా, నా బండి ఐడిల్‌లో చక్కగా ఉంటుంది, యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కితే మాత్రం ఒక్క క్షణం ఊపిరాగినట్టు అవుతుంది. ఇది కూడా ఎస్‌యూ కార్బే, ఆరేళ్లు పక్కన పెట్టి తీశాను.

జవాబు: కార్బ్ పైనున్న నల్ల మూత తిప్పి దానికున్న కడ్డీని (డ్యాంపర్) బయటికి లాగి చూడండి, పొడిగా ఉంటుందని పందెం. అక్కడ ఉండాల్సిన ఆయిల్ పిస్టన్ గబుక్కున లేవకుండా ఆపుతుంది, ఆ క్షణంలో మిక్చర్ చిక్కబడుతుంది, ఆయిల్ లేకపోతే మీరు చెప్పిన తడబాటే. 20 గ్రేడ్ ఆయిల్ పోయండి, పిస్టన్ బోలు రాడ్ పై అంచుకి ఓ అర అంగుళం పైదాకా, మూత పెట్టి వెళ్లి నడిపి చూడండి.