తాళం వేసిన మేకర్‌స్పేస్ ఎవరి కోసం?

ప్రశ్న: మా కళాశాలలో మేకర్‌స్పేస్ (విద్యార్థులు సొంతంగా వస్తువులు తయారుచేసుకునే పనిగది) ఏర్పాటు చేశారు. త్రీడీ ప్రింటర్, లేజర్ కటింగ్ యంత్రం ఉన్నాయి గాని, అతిథులు వచ్చినప్పుడే తాళం తీస్తారు. అసలు చదువుకు దీనివల్ల ప్రయోజనం ఉందా? మేమేం చేయాలి?
– ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థి, హనుమకొండ

జవాబు: యంత్రం పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయమే చాలాచోట్ల ఆ తాళానికి కారణం. కాబట్టి ఊరికే గది తెరవమని అడగకుండా, శిక్షణ పొందిన ఇద్దరు సీనియర్ల పర్యవేక్షణలో వారానికి మూడు సాయంత్రాలు తెరుస్తామని, వాడినవారి పేరు, సమయం రిజిస్టరులో రాస్తామని విభాగాధిపతికి రాతపూర్వకంగా ఇవ్వండి. మీ పక్కనే ఉన్న వరంగల్ నిట్‌లో ఇన్నోవేషన్ గ్యారేజ్ అనే ఇలాంటి పనిగదిని విద్యార్థులే నడుపుతున్నారన్న మాట కూడా అందులో చేర్చండి.

ఇక ప్రయోజనం సంగతి. మిర్చి చేనులో నేల తేమను కొలిచే పరికరం చేయాలనుకున్నారనుకుందాం. చౌకగా దొరికే రెండు కాళ్ల సెన్సర్‌ను పాతితే, విద్యుత్తు ప్రవహించే కొద్దీ తడిమట్టిలో దాని లోహపు పూత తినుకుపోయి, కొన్ని వారాలకే రీడింగులు గాడి తప్పుతాయి. దానికి త్రీడీ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ముద్రించిన పెట్టె తొడిగితే, ఆ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది గనుక, మన మే నెల ఎండకు అది వంకరపోయే ప్రమాదం ఉంది. ఎలక్ట్రోకెమిస్ట్రీని, పాలిమర్లను పరీక్ష కోసం చదివి వదిలేసినవారు అప్పుడు ఆ పాఠాలను మళ్లీ తెరుస్తారు; రెండోసారి లోహం మట్టికి నేరుగా తగలకుండా తేమను కొలిచే కెపాసిటివ్ సెన్సర్‌ను, ఎండకు తట్టుకునే మరో ప్లాస్టిక్‌ను ఎంచుకుంటారు. బజారులో కొన్న ప్రాజెక్టుకు అట్టవేసి సమర్పించేవారికి ఈ అవకాశం ఉండదు. (ఆ వ్యాపారం ఎంత జోరుగా సాగుతోందో మీకు నేను చెప్పనక్కరలేదు.) ఉద్యోగపు ఇంటర్వ్యూలో మొదటి నమూనా ఎందుకు చెడింది, ఏం మార్చారు అని అడిగితే వారి దగ్గర సమాధానం దొరకదు.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో ప్రారంభించిన, దాదాపు దేనినైనా తయారుచేయడం నేర్పే కోర్సు నుంచి, మేకర్‌స్పేస్‌ల వంటివే అయిన ఫ్యాబ్ ల్యాబ్‌ల ఆలోచన ఎదిగింది. మన దేశంలో తొలి ఫ్యాబ్ ల్యాబ్ 2002లో పుణె సమీపంలోని పాబల్ గ్రామంలో, విజ్ఞాన ఆశ్రమంలో వెలిసింది. అంటే మన దేశంలో అది మొదలైంది పెద్ద విశ్వవిద్యాలయంలో కాదు, పల్లెలో.

యంత్రాల కన్నా ముందు సమస్యను వెతకండి. బడి చదువు మధ్యలోనే ఆగిన చింతకింది మల్లేశం, ఆసు పోసే (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేతితో తిప్పే) తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రాన్ని రూపొందించి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. మీకు కొత్తవాడ జంపఖానా మగ్గాలు, ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ అందుబాటులోనే ఉన్నాయి. ఒక పూట అక్కడ కూర్చుని, పనిచేసేవారిని అడిగి తెలుసుకోండి.

మరొక జాగ్రత్త. మీరు చేసినది నిజంగా కొత్తదనిపిస్తే, టెక్ ఫెస్ట్‌లో ప్రదర్శించడానికి, వీడియో పెట్టడానికి ముందే కళాశాల పేటెంట్ విభాగంతో మాట్లాడండి. ముందే బహిరంగమైతే కొత్తదనం పోయిందన్న కారణంతో పేటెంటు చేజారవచ్చు. ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేస్తే, పూర్తి వివరాలు సమర్పించడానికి 12 నెలల గడువు దొరుకుతుంది.