ఆటలో అరటిపండు ఎవరు?

పిల్లలు, పెద్దలు కలిసి కూర్చుని ఆడే బోర్డు ఆటల గురించి విశాఖపట్నం పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఐదు. లూడో తీస్తే వాడు ఏడుపు. చెస్ తీస్తే పాప ఆడుతుంది, వీడు కాయలు లాగేస్తాడు. నలుగురం కలిసి ఆడేది ఏది కొనమంటారు?
– ఎంవీపీ కాలనీ నుంచి ఒక తల్లి

ఏదైనా కొనేముందు ఇంట్లో ఉన్న లూడోనే ఓసారి లెక్క వేయండి. ఆరు పడితేనే కాయ దిగాలి. పది వంతులు వేసినా ఒక్క ఆరూ పడకపోవడం దాదాపు ఆరింట ఒకసారి జరుగుతుంది. నలుగురి ఆటలో పది వంతులంటే డైస్ నలభై సార్లు దొర్లాలి. అంతసేపు మీవాడు మిగతావాళ్ల కాయలు తిరుగుతుంటే చూస్తూ కూర్చోవాలి. పేరుకి ఆటలో ఉన్నాడు, నిజానికి ఆటలో అరటిపండు. ఏడవక ఏం చేస్తాడు?

పెట్టె మీద రాసిన వయసు చూసి ఆట ఎంచుకుంటే ఇలాగే అవుతుంది. చూడాల్సినవి రెండు: చిన్నవాడి వంతు ఎంతసేపటికి వస్తుంది, వంతు వచ్చినప్పుడు వాడు నిజంగా ఏదైనా చేయగలుగుతాడా. లూడోని బాగుచేయడం తేలిక. ఒకటి పడినా ఆరు పడినా కాయ దించొచ్చని పెట్టుకోండి. పది వంతుల దాకా దిగకుండా ఉండిపోవడం నూటికి రెండుసార్లు కూడా జరగదు. నాలుగు కాయల బదులు రెండే తీసుకోండి. బోర్డు అదే, సమయం సగం.

అయితే ఐదు, తొమ్మిదేళ్ల జంటకి మా ఓటు అష్టాచెమ్మాకే. లూడోలో ఒక కాయ పండాలంటే, దిగిన గడి నుంచి 56 గళ్లు నడవాలి. అష్టాచెమ్మాలో 5×5 గళ్లే కాబట్టి బయటి వరుస చుట్టి, లోపలి వరుస తిరిగి మధ్యలో పండడానికి 24 గళ్లు చాలు. నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు గళ్లు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండిట్లో ఏది పడినా మళ్లీ వేయొచ్చు.

ఐదేళ్లవాడితో ఆడేటప్పుడు పాత పద్ధతిలో రెండు నియమాలు అడ్డొస్తాయి. చెమ్మా గానీ అష్టా గానీ పడితేనే కాయ దిగాలన్నది మొదటిది. గవ్వలు రెండువైపులా సమానంగా పడతాయనుకుంటే ఈ రెండూ కలిపి ఎనిమిదింట ఒకసారే పడతాయి, అంటే లూడో ఆరు కన్నా అరుదు. దీన్ని ఎత్తేసి కాయలన్నీ మొదటి నుంచీ బోర్డు మీద తమ ఇంట్లోనే, అంటే దిగే గడిలోనే, పెట్టండి. ఎదుటి కాయని చంపితేనే లోపలి వరుసలోకి వెళ్లాలన్నది రెండోది. మొదటి నెల అది పెద్దవాళ్లకీ పాపకీ మాత్రమే వర్తిస్తుందనండి, బాబుకి దారి తెరిచి ఉంటుంది. తలా నాలుగు కాయలతో ఆడితే అరగంట దాటిపోతుంది, రెండేసి అయితే పావుగంట, ఇరవై నిమిషాలు. ఏ కాయ పరిగెత్తించాలి, దేన్ని ఇంట్లో దాచాలి అన్న ఎత్తు పాపకి దొరుకుతుంది. బాబుకి గవ్వలు వేయడమే పండగ.

గవ్వలు బీచ్ రోడ్డులో అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. నాలుగూ ఒకే సైజువి ఏరుకోండి. ఒక్కోదాన్ని విడిగా ఇరవై సార్లు వేసి చూడండి. పదిహేనుకి మించి ఒకేవైపు పడితే దాన్ని పక్కన పెట్టేయడం మేలు. టైల్స్ నేల మీద గవ్వలు ఎగిరి సోఫా కిందకి పోతాయి, తొండి గొడవలు అక్కడే మొదలవుతాయి. అంచున్న పళ్లెంలో తువ్వాలు పరిచి వేయించండి.

ఇంకో చిన్న సంగతి. ఈ వయసు పిల్లలు కాయ ఉన్న గడినే ‘ఒకటి’ అని లెక్కపెడతారు, దాంతో ఎప్పుడూ ఒక గడి వెనకే ఆగిపోతారు. ‘ముందు గెంతు, తర్వాత అంకె’ అని నేర్పండి. వైకుంఠపాళిలో అయితే వరుస మారగానే దిక్కు తిరిగిపోతుంది కదా, అక్కడ తికమక పడతారు. ప్రతి వరుస చివర స్కెచ్ పెన్‌తో బాణం గుర్తు గీస్తే సరి.

కొని తీరాలనుకుంటే డాబుల్ కార్డులు చూడండి. 55 కార్డులు, ఒక్కోదాని మీద 8 బొమ్మలు. ఏ రెండు కార్డులు తీసినా వాటి మధ్య సరిగ్గా ఒక్క బొమ్మే కలుస్తుంది. దాన్ని ముందు చూసి పేరు చెప్పినవాళ్లదే కార్డు. చదువు రానక్కర్లేదు, ఎవరి వంతు కోసమూ ఆగక్కర్లేదు. బొమ్మల పేర్లు తెలుగులో చెప్పాలని పెద్దవాళ్లకి మాత్రం నిబంధన పెట్టండి. ‘డాల్ఫిన్’ని ఏమనాలో వెతుక్కునేలోపు పిల్లలు కార్డు లాగేస్తారు.

ప్రశ్న: మావారికి షిఫ్టు డ్యూటీ. రాత్రి భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు దొరికితే గొప్ప. పిల్లలకి ఏడు, పదకొండు. సాగదీయని ఆట చెప్పండి.
– గాజువాక నుంచి

పులి–మేక. సుద్దముక్క, మూడు పెద్ద గులకరాళ్లు, పదిహేను చిన్నవి చాలు. త్రికోణం పటం గీసి, గీతలు కలిసేచోట్లు 23 వచ్చాయో లేదో లెక్కపెట్టండి. నాన్న మూడు పులులు, పిల్లలిద్దరూ ఒక జట్టుగా మేకలు. మేకలు ఒక్కొక్కటే దిగుతాయి, పదిహేనూ దిగేదాకా దిగినవి కదలకూడదు. పులులు మాత్రం మొదటి నుంచీ తిరగొచ్చు. గీత వెంట పక్కనే మేక ఉండి, దాని వెనకి చోటు ఖాళీగా ఉంటే పులి దూకి తినేస్తుంది. పులులు మూడూ కదల్లేకపోతే మేకలు గెలిచినట్టు.

పిల్లలు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే: మేకల్ని తెచ్చి మధ్యలో పులి ముందు పెడతారు. వెనక గీత లేని అంచుల్లో ముందు దింపమనండి, అక్కడ పులి దూకడానికి చోటుండదు. తర్వాత ఒకదాని వెనక ఒకటి ఆనించుకుంటూ లోపలికి రావాలి. మీకు సమయం తక్కువ కాబట్టి ఐదు మేకలు పోతే ఆట అయిపోయిందనుకోండి. అన్నదమ్ములైనా అక్కాచెల్లెళ్లైనా వంతులవారీగా మేక వేయాలి, ఒకరి మేకని ఇంకొకరు సర్దకూడదు. ఈ ఒక్క నియమం లేకపోతే పదకొండేళ్లవాళ్లే ఆట మొత్తం ఆడేస్తారు, ఏడేళ్లవాళ్లు రాళ్లు అందిస్తూ కూర్చుంటారు.

నలుగురూ ఎవరికి వారు ఆడాలంటే బ్లోకస్ బాగుంటుంది. 400 గళ్ల బోర్డు, తలా 21 ముక్కలు. మన రంగు ముక్కలు మూలతో మూల తగలాలి, పక్కకి పక్క ఆనకూడదు. 21లో 12 ముక్కలు ఐదు గళ్లవి. చిన్నపిల్లలు తేలికని ముందు చిన్న ముక్కలు వాడేస్తారు, చివరికి పెద్దవి పట్టే చోటు ఉండదు. మొదటి నాలుగైదు వంతుల్లో ఐదు గళ్లవే వేయమనండి.

ప్రశ్న: ఏ ఆటైనా ఓడినవాళ్లు అలగడం, గెలిచినవాళ్లు వెక్కిరించడం. పిల్లలకి ఆరు, ఎనిమిది. గెలుపోటములు లేని ఆట ఉందా?
– మధురవాడ నుంచి

గెలుపోటములు లేని ఆట పది నిమిషాల్లో విసుగొస్తుంది. అందరూ కలిసి గెలవడమో, కలిసి ఓడడమో జరిగే ఆట కావాలి మీకు. ఇలాంటివి అంగట్లో ఉన్నాయి గానీ ఖరీదెక్కువ. హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది, కాబట్టి ఇంట్లోనే ఒకటి గీసుకోండి.

ఒక చార్టు మీద మూడు దారులు, ఒక్కోదానికి 20 గళ్లు, మూడూ ఫిషింగ్ హార్బర్లో ముగియాలి. మూడు బొత్తాలు మూడు పడవలు. పక్కన విడిగా 6 గళ్ల తుఫాను దారి, దాని మొదటి గడికి బయట ఒక నల్ల బొత్తం. డైస్ వేసినవాళ్లకి ఒకటి నుంచి ఐదు లోపు ఏది పడినా, తమకి నచ్చిన ఏదో ఒక పడవని అన్ని గళ్లు జరుపుతారు. ఆరు పడితే పడవ కదలదు, తుఫాను ఒక గడి ముందుకొస్తుంది. తుఫాను ఆరో గడికి చేరేలోపు మూడు పడవలూ రేవు చేరాలి. రేవుకి సరిగ్గా అంకె పడనక్కర్లేదు, ఎక్కువ పడినా చేరినట్టే.

తేలిగ్గా కనిపించినా ఇందులో ఆలోచన ఉంది. రెండు గళ్ల దూరంలో ఉన్న పడవకి ఐదు వాడితే మూడు వృథా. దాన్ని వెనకబడ్డ పడవకి వాడాలి. తుఫానుకి 6 గళ్లుంటే సుమారు నాలుగింట మూడుసార్లు గెలుస్తారు. 5కి తగ్గిస్తే పదింట ఆరుసార్లు. మొదటి వారం 7తో మొదలుపెట్టి, గెలుపు అలవాటయ్యాక తగ్గించుకుంటూ రండి. మొదటి రోజే ఓడితే చార్టు మళ్లీ బయటికి రాదు.

ఇలాంటి ఆటలు చెడేది పిల్లల వల్ల కాదు, పెద్దల వల్ల. ‘ఆ పడవ జరుపు, ఈ పడవ జరుపు’ అని అమ్మో నాన్నో నడిపించేస్తారు. డైస్ ఎవరు వేస్తే వాళ్లదే నిర్ణయం, అడిగితేనే సలహా.

ప్రశ్న: సముద్రానికి దగ్గర ఇల్లు. అట్ట బోర్డులు వంగిపోతున్నాయి, కార్డులు అంటుకుంటున్నాయి, క్యారమ్ కాయలు జారడం లేదు. ఏం చేయాలి?
– పెదవాల్తేరు నుంచి

బోర్డుకి బొమ్మ ఉన్న వైపు కాగితం పూత నిగనిగలాడుతూ ఉంటుంది, అది తేమని అంతగా పీల్చదు. వెనక అట్ట పీల్చి ఉబ్బుతుంది. రెండు వైపులా ఒకేలా సాగక బోర్డు వంగుతుంది. ఎండలో పెట్టకండి, ఇంకోవైపు వంగుతుంది, రంగు కూడా పోతుంది. ఫ్యాను కింద ఒక రాత్రి ఆరనిచ్చి, రెండు మూడు రోజులు పరుపు కింద బల్లపరుపుగా ఉంచండి. వెనకవైపు వెడల్పాటి పారదర్శక టేపుగానీ పుస్తకాలకి వేసే ప్లాస్టిక్ అట్టగానీ అంటిస్తే మళ్లీ వంగడం తగ్గుతుంది. ఆరకముందే అంటిస్తే మాత్రం తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది.

కార్డులకి 63×88 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ తొడుగులు దొరుకుతాయి, పేకముక్క సైజు ఆటలకి సరిపోతాయి. మామూలు పేక అయితే పూర్తి ప్లాస్టిక్‌ది కొనడమే నయం. పెట్టెలన్నీ మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు మూడు నాలుగు వేయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ డబ్బా పై అరలో ఉండాలి.

క్యారమ్ బోర్డుని బయటి గోడకి ఏటవాలుగా ఆనించి ఉంచితే ప్లైవుడ్ మధ్యలో కుంగుతుంది. మంచం కింద బల్లపరుపుగా పెట్టండి. తడిబట్ట తగలనివ్వకండి. కాయలు జారడం లేదని ఇంకా పౌడర్ పోస్తే తేమకి ముద్దకట్టి మరింత అడ్డుపడుతుంది. పాతదంతా పొడిబట్టతో తుడిచేసి చిటికెడు చల్లితే చాలు. ఒక జాగ్రత్త: క్యారమ్ పౌడర్ చాలావరకు బోరిక్ యాసిడ్. మింగితే విషం. డబ్బా పిల్లలకి అందనివ్వకండి, ఆటయ్యాక చేతులు సబ్బుతో కడిగించండి.

ప్రశ్న: ఆరేళ్ల బాబుకి, పదేళ్ల పాపకి బిజినెస్ ఆట కొనొచ్చా?
– అక్కయ్యపాలెం నుంచి

ఇప్పుడు వద్దు. దివాలా తీసినవాళ్లు లేచి పోవాలి, మిగతావాళ్లు ఇంకో గంట ఆడతారు. మీ ఇంట్లో ముందు లేచేది ఎవరో వేరే చెప్పాలా? ఇప్పటికే కొనేసి ఉంటే అలారం 45 నిమిషాలకి పెట్టి, మోగగానే డబ్బు, ఆస్తులు లెక్కగట్టి ఎవరిది ఎక్కువైతే వాళ్లు గెలిచారనండి. జరిమానాలన్నీ మధ్యలో పోగేసి ఒకరికి ఇచ్చే ఇంటి నియమం ఉంటే తీసేయండి. ఆట సాగిపోయేది దానివల్లే.

ప్రశ్న: పెద్దమ్మాయికి ఆరేళ్లు, చిన్నోడికి రెండు. వాడు అన్నీ నోట్లో పెట్టుకుంటాడు. ఎలాంటి బోర్డు ఆట తీసుకోవాలి?
– ద్వారకానగర్ నుంచి

మూడేళ్లలోపు పిల్లలకి ప్రమాదమా కాదా అని తేల్చడానికి పరీక్షశాలల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టే వస్తువు ఏదైనా గొంతుకి అడ్డుపడొచ్చు. లూడో కాయలు, గవ్వలు, వామనగుంటల చింతపిక్కలు, చివరికి క్యారమ్ కాయ కూడా అందులో పడతాయి. అయస్కాంతం చదరంగం అసలే వద్దు. రెండు అయస్కాంతాలు మింగితే కడుపులో పేగుని మధ్యన పెట్టి అతుక్కుంటాయి, ఆపరేషన్ దాకా పోతుంది.

14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. పెట్టె మీద వెతకండి. ఏటికొప్పాక లక్క బొమ్మల మీద అది కనిపించకపోవచ్చు. జీఐ (పుట్టిన ఊరి పేరుతో ఇచ్చే భౌగోళిక) గుర్తింపు ఉన్న హస్తకళలకి, నమోదైన కళాకారులు చేస్తే, మినహాయింపు ఉంది. అంకుడు కర్రతో చేసి సహజ రంగుల లక్క పూసిన బొమ్మలవి. నాలుగైదు సెంటీమీటర్లకి తగ్గని నాలుగు బొమ్మలు, నాలుగు రంగుల్లో ఏరుకుంటే ఇంట్లో ఏ పటానికైనా కాయలుగా పనికొస్తాయి. లావు కూడా ఆ గొట్టంలో పట్టనంత ఉందో లేదో చూసుకోండి, సన్నటివి వద్దు. చేతిలో రుద్ది చూసి, పెళుసుగా ఊడే భాగాలున్నవి పక్కన పెట్టండి.

పటం నేల మీద కాకుండా బల్ల మీద పరవండి, ఆట మొదట్లో ఎన్ని కాయలు తీశారో ఆఖరున అన్నీ లెక్కపెట్టి డబ్బాలో వేయండి. చిన్నోడికి పిడికిలి కన్నా పెద్దదైన స్పాంజి డైస్ ఇచ్చి, అందరి తరఫునా వాడే విసిరేలా చూడండి. కాయ వద్దు, వంతు వద్దు, ఓటమి వద్దు. రెండేళ్లకి ఆటలో అరటిపండుగా ఉండడమే వాడికి కావాల్సింది.