ఇంట్లోనే స్టూడియో మైక్ తయారు చేసుకుంటే పని అవుతుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. జానపద పాటలు ఇంట్లోనే రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాం. పాట, డప్పు రెండూ ఉంటాయి. మంచి కండెన్సర్ మైక్ కొనే బడ్జెట్ లేదు, సోల్డరింగ్ మాత్రం వచ్చు. సొంతంగా చేసుకుంటే స్టూడియో క్వాలిటీ వస్తుందా?

జవాబు: వస్తుంది. కాకపోతే ఇంట్లో మైక్ చేయడమంటే క్యాప్సూల్, అంటే శబ్దాన్ని పట్టే బిళ్ల, చేయడం కాదు. అందులో పూత పూసిన పొర మందం కొన్ని మైక్రాన్లే. దాన్ని ముడత పడకుండా బిగించడం ఇంటి బల్ల మీద అయ్యే పని కాదు. క్యాప్సూల్ కొనండి, సర్క్యూట్, వైరింగ్, డబ్బా మీరు చేసుకోండి. నేను నల్గొండలో ఇలా చేసుకున్న మైకులతోనే మా బృందం పాటలు రికార్డు చేస్తున్నాను.

ఎలెక్ట్రెట్ క్యాప్సూల్‌తో మొదలుపెట్టండి. 1962లో బెల్ ల్యాబ్స్‌లో సెస్లర్, వెస్ట్ కనిపెట్టిన రకం ఇది. ఛార్జ్ అందులోనే నిలిచి ఉంటుంది కాబట్టి క్యాప్సూల్‌కు విడిగా వోల్టేజీ ఇవ్వనక్కర్లేదు. ఎలెక్ట్రెట్ అనగానే నాసిరకం అనేవాళ్లుంటారు, పట్టించుకోకండి. చిన్న బిళ్లల్లో హిస్ ఎక్కువ, అది నిజమే. 25 మి.మీ. కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే) క్యాప్సూల్ తీసుకుంటే పాటకు ఏ లోటూ ఉండదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే బీఎం-800 లాంటి మైకుల్లో పైన జాలీ పెద్దగా ఉన్నా లోపలున్నది చిన్న ఎలెక్ట్రెట్టే. నేనైతే వాటిని డబ్బా కోసమే కొంటాను.

మిగతా సామాను కోఠీలో దొరుకుతుంది. ఎల్బీనగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే గుజరాతీ గల్లీకి నడిచిపోవచ్చు. ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు, మైక్ కేబుల్ గుచ్చే మూడు కాళ్ల ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్ను అన్నీ అక్కడే. ఒక్క 1 గిగా ఓమ్ రెసిస్టర్ అడిగితే మాత్రం షాపాయన నా మొహం చూశాడు. అది ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

అసలు కష్టమంతా ఆ రెసిస్టర్ దగ్గరే ఉంది. పెద్ద క్యాప్సూళ్లలో కొన్నింటికి లోపల జేఫెట్ (క్యాప్సూల్ ఇచ్చే బలహీనమైన సిగ్నల్‌ను అందుకునే ట్రాన్సిస్టర్) ఉండదు, మనం బయట పెట్టుకోవాలి. దాని గేట్ దగ్గరే, అంటే సిగ్నల్ లోపలికి వెళ్లే కాలు దగ్గరే, ఈ గిగా ఓమ్ వస్తుంది. అంత పెద్ద రెసిస్టెన్స్ దగ్గర బోర్డు మీద వేలిముద్ర ఉన్నా కరెంటు లీకవుతుంది. వానాకాలంలో చిటపటలు మొదలవుతాయి. మన రిపేరు షాపుల్లో సోల్డరింగ్ ఐరన్‌ను పేస్ట్ డబ్బాలో ముంచి అంటించే అలవాటు ఉంది కదా, యాంప్లిఫైయర్‌కు నడుస్తుందేమో గానీ దీనికి అస్సలు నడవదు. ఫ్లక్స్ ఉన్న మంచి లెడ్ వాడి, అయిపోయాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడగండి. గేట్ కాలును బోర్డుకు తగలనివ్వకుండా గాల్లోనే క్యాప్సూల్ వైరుకు, గిగా ఓమ్‌కు కలిపేయండి. చూడ్డానికి బాగోదు, పని మాత్రం బ్రహ్మాండంగా చేస్తుంది.

క్యాప్సూల్‌ను బిగించేటప్పుడు వెనక రంధ్రాల మీద గ్లూ పడనివ్వకండి. అవి మూసుకుపోతే కార్డియాయిడ్ కాస్తా అన్ని వైపులా పట్టే ఓమ్ని అయిపోయి గదిలోని కూలర్ మోతంతా పట్టేస్తుంది. డబ్బా లోహంది అయ్యుండాలి, అది ఎక్స్‌ఎల్‌ఆర్ 1వ పిన్నుకు కలవాలి. ప్లాస్టిక్ పైపులో పెడితే హమ్ వదలదు.

సర్క్యూట్ విషయానికొస్తే, జేఫెట్ వెనక రెండు పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు ఉండే షోప్స్ (జర్మన్ మైక్ కంపెనీ) పద్ధతి చాలు. ఇంటర్ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) నుంచి మైక్ కేబుల్లోనే వచ్చే కరెంటును ఫాంటమ్ పవర్ అంటారు. ఆ 48 వోల్టులు 6.8 కిలో ఓమ్ రెసిస్టర్ల గుండా 2, 3 పిన్నులకు వస్తుంది. మైక్ కలిపాక 1కి 2కి మధ్య, 1కి 3కి మధ్య మీటర్ పెట్టి చూడండి. ఒక్కో వైపు 2 మిల్లీ ఆంపియర్లు లాగితే 34 వోల్టుల దగ్గర ఉంటుంది. రెండూ దాదాపు సమానంగా లేకపోతే ఎక్కడో డ్రై సోల్డర్ ఉన్నట్టే.

మీ గది రోడ్డు పక్కనే ఉండి లారీల మోత వినిపిస్తుంటే ఈ శ్రమంతా వద్దు, ఒక డైనమిక్ మైక్ కొనుక్కోండి. సెన్సిటివ్ మైక్‌కు మీ పాటెంతో హారనూ అంతే. గోడలకు బొంతలు కడితే గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది గానీ బయటి శబ్దం ఆగదు.

ఇక డప్పు. పాటకు పెట్టిన మైక్‌నే డప్పు దగ్గరికి జరిపితే చిర్రుమంటుంది. ఇంటర్ఫేస్‌లో గెయిన్ తగ్గించినా లాభం లేదు, ఎందుకంటే శబ్దం విరిగేది జేఫెట్ దగ్గరే. క్యాప్సూల్‌కు సమాంతరంగా ఒక కెపాసిటర్‌ను స్విచ్‌తో కలపండి. క్యాప్సూల్ 70 పికోఫారడ్లయితే 150 పికోఫారడ్లు కలిపితే దాదాపు 10 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ స్విచ్చునూ ఆల్కహాల్‌తో తుడిచాకే బిగించండి. నేను దీంతో పాటు డప్పును మైక్ నుంచి నాలుగడుగుల దూరంలో, కొంచెం పక్కకు నిలబెడతాను.