ఎన్‌టీ 2.8 అంటే లోపం ఉన్నట్టు కాదు

చెల్లీ, కడపలో 12వ వారం స్కాన్‌లో ఎన్‌టీ 2.8 మి.మీ. వచ్చిందని, పక్కింటావిడ 'తీయించుకో' అందని రాశావు. ముందు ఆ మాట పక్కన పెట్టు. ఎన్‌టీ అంటే బిడ్డ మెడ వెనక చర్మం కింద ఉండే నీటి పొర మందం. డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ లోపాల అనుమానం ఉందో లేదో చెబుతుందే గానీ జబ్బును తేల్చదు.

నీ రిపోర్టులో సీఆర్‌ఎల్ 62 మి.మీ. అన్నావు కదా, అది బిడ్డ తల నుంచి పిర్రల దాకా పొడవు. 45 నుంచి 84 మధ్య ఉంటేనే ఎన్‌టీ లెక్కకొస్తుంది. ఆ పొడవుకు 2.8 కాస్త ఎక్కువే, కాదనను. 3.5 దాటితే గుండె లోపాల కోసం కూడా గట్టిగా వెతుకుతారు. బిడ్డ గడ్డం పైకెత్తి ఉన్నా కొలత పెరుగుతుంది. నా రెండో కానుపప్పుడు బిడ్డ సరిగ్గా తిరగలేదని నన్ను అరగంట కారిడార్‌లో నడిపించారు! ముక్కు ఎముక కనిపించిందని రాశారేమో చూడు, కనిపిస్తే అనుమానం కాస్త తగ్గుతుంది.

ఈ వారమే డబుల్ మార్కర్ రక్తపరీక్ష చేయించు, 14 వారాలు దాటితే కుదరదు. నీ వయసు, ఎన్‌టీ, రక్తం ఫలితం కలిపి రిస్క్ లెక్కిస్తారు. ఎక్కువొస్తే ఎన్‌ఐపీటీ ఉంది, అంటే నీ రక్తంలో కలిసే బిడ్డ డీఎన్‌ఏను చూసే పరీక్ష, కానీ అదీ స్క్రీనింగే, అనుమానం వరకే చెబుతుంది. తేల్చి చెప్పేది 16 వారాలప్పుడు చేసే ఉమ్మనీటి పరీక్ష. కడుపులో బిడ్డ సమస్యలు చూసే ఫీటల్ మెడిసిన్ డాక్టర్ అక్కడ దొరక్కపోతే తిరుపతికి పో, స్కాన్ ఫిల్ములు మర్చిపోకు.