కాంట్రాక్టు తొమ్మిది నెలలు, పొయ్యి పన్నెండు నెలలు

కావలి నుంచి ఒకమ్మ రాశారు. వాళ్లాయన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్, వయసు 31. గోవా, కోల్‌కతా, బంగ్లాదేశ్ తిరిగి ఇప్పుడు మాల్దీవుల్లో ఆడుతున్నారు. 9 నెలల కాంట్రాక్టు, నెలకు మన డబ్బుల్లో లక్షా అరవై వేలు, కానీ రెండు నెలలుగా జీతం రాలేదు. చేతిలో 22 లక్షలున్నాయి. విడవలూరు దగ్గర రొయ్యల చెరువుల కోసం పొలం కొందాం, బావ పేరు మీదే రిజిస్టర్ చేయిద్దాం, మీ వాటా 15 లక్షలు అని తమ్ముడు అంటున్నాడట. పెట్టమంటారా అని అడిగారు.

వద్దమ్మా. ముందు లెక్క చూడండి. తొమ్మిది నెలలకు వచ్చేది 14 లక్షల 40 వేలు, పన్నెండుతో భాగిస్తే నెలకు లక్షా ఇరవై, మీ అసలు జీతం అదే, ఆ మిగతా మూడు నెలలు క్లబ్ దొరక్కపోయినా బియ్యం, పిల్లల ఫీజు ఆగవు కదా. ఇండియా తరఫున అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రీ అంతటివాడు 2010లో అమెరికాలోని కాన్సాస్ సిటీ క్లబ్‌కి, 2012లో పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ లిస్బన్‌కి వెళ్లి రెండుచోట్లా ఎక్కువ కాలం ఉండలేదు. 31 ఏళ్ల ఆటగాడికి ఇంకా నాలుగైదు సీజన్లు ఉంటే చాలా బాగున్నట్టే, మోకాలు బాగుంటేనే.

రొయ్యల మీద నాకు కోపం లేదు, మన జిల్లాలో ఎందరో వాటితోనే బతుకుతున్నారు. అయితే తెల్లవారుజామున రాత్రంతా కరెంటు లేక ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఆగిన చెరువు గట్టు మీద నేను నిలబడ్డాను, రొయ్యలు గాలి కోసం పైకి తేలుతుంటే ఆ రైతు జనరేటర్ తాడు లాగుతూనే ఉన్నాడు. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వస్తే ఆ పాటి అవకాశం కూడా ఉండదు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి ఇచ్చే ధర) గురించి ఇక్కడ ఎంత భయపడ్డారో మీకు తెలిసే ఉంటుంది. అసలే నిలకడ లేని సంపాదన మీది, దాన్ని ఇంకో నిలకడ లేని చోట పెట్టకండి. పైగా విదేశంలో ఉద్యోగం చేస్తున్న మీ ఆయన ఎన్నారై కింద లెక్క, ఎన్నారై వ్యవసాయ భూమి కొనకూడదు, ఫెమా (విదేశీ మారక చట్టం) ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే వేరే సంగతి.

ఇప్పుడు జీతం. ఇదే అన్నిటికంటే అర్జెంట్. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం కనీసం రెండు నెలల జీతం ఆపితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసిచ్చి, కనీసం 15 రోజులు గడువిచ్చి, అప్పటికీ రాకపోతే కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు, బాకీ కోసం ఫిఫాలో ఫిర్యాదు చేయొచ్చు. రెండేళ్లు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. మేనేజర్ 'వచ్చే వారం' అని వాట్సాప్‌లో పెట్టిన ప్రతి మెసేజ్‌నీ దాచమనండి, కాంట్రాక్టు ప్రతి పేజీ ఫోటో ఇవాళే మీకు పంపమనండి. నోటీసు మాత్రం లాయర్ చూశాకే ఇవ్వండి, తొందరపడి మైదానం వదిలొస్తే తప్పు ఆయన మీద పడుతుంది.

బ్యాంకు సంగతి. ఆయన పాత సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే వాడుతుంటే దాన్ని ఎన్నారోగా (NRO, ఎన్నారైల ఇక్కడి ఆదాయం కోసం ఉండే ఖాతా) మార్చాలి, బయటి సంపాదన పంపడానికి ఎన్నారీ (NRE) ఖాతా వేరేగా తెరవాలి, ఈ ఎన్నారీ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. జీతం నేరుగా ఇండియా ఖాతాలో వేయించుకోవద్దు, అక్కడి ఖాతాలో పడ్డాక ఇక్కడికి పంపాలి, లేదంటే ఇండియాలోనే అందుకున్నట్టు లెక్కేసి పన్ను అడగొచ్చు. కాంట్రాక్టుల మధ్య ఖాళీలో ఇంటికొస్తారు కాబట్టి ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు ఇండియాలో ఎన్ని రోజులున్నారో పాస్‌పోర్టు ముద్రలు చూసి రాసుకోండి. 182 రోజులైతే ఆ ఏడు బయటి జీతానికీ ఇక్కడ లెక్క చెప్పాల్సిందే.

22 లక్షల్లో ఏడాది ఖర్చుకి 8 లక్షలు ఎఫ్‌డీలో కదపకుండా ఉంచండి. కోటి రూపాయల టర్మ్ పాలసీ, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా తీసుకోండి, ఫారంలో వృత్తి ఫుట్‌బాల్ అనే రాయించండి, దాస్తే క్లెయిమ్ నాడు ఇబ్బంది. కొంత ఆయన కోచింగ్ లైసెన్సుకి. డి, సి లైసెన్సులు ఆడుతుండగానే, ఖాళీ నెలల్లో పూర్తి చేస్తే బూట్లు విప్పిన రోజు చేతిలో ఒక పని ఉంటుంది, నేనైతే ఈ ఖర్చునే అన్నిటికంటే ముందు పెడతాను. మిగిలింది ఇండెక్స్ ఫండులో (షేర్ మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటిలో పెట్టే మ్యూచువల్ ఫండు) మెల్లగా వేయండి.

తమ్ముడితో మాట పోతుందని మీ టెన్షన్. చట్టం సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి, బావ పేరు మీద రాయడానికే వీల్లేదంటే అతనూ అర్థం చేసుకుంటాడు.